అక్వేరియం మొక్కలకు ఎరువు: గుంటూరు ఎరువుల కొట్లో ఏది కొనొచ్చు, ఏది ముట్టకూడదు

గుంటూరులో ఎరువుల కొట్టు ఎక్కడుందని ఎవరినీ అడగక్కర్లేదు. మిర్చికి, పత్తికి కావలసిన ప్రతి బస్తా, ప్రతి పొడి, ప్రతి సీసా ఊళ్లోనే దొరుకుతాయి. అక్వేరియం మొక్కల ఎరువు సంగతి అలా కాదు. అది దొరికే చోట్లు తక్కువ. దొరికినా చాలా సీసాల మీద పచ్చటి ఆకు బొమ్మ, రంగు చేప బొమ్మ తప్ప లోపల ఏముందో రాసి ఉండదు. అందుకే తొట్టెలోంచి ప్లాస్టిక్ మొక్కలు తీసేసి నిజం మొక్కలు నాటుకున్న వాళ్లకు ఒక సందేహం రావడం సహజం. పొలంలో మొక్కకు పనికొచ్చేది నీళ్లలో మొక్కకు ఎందుకు పనికిరాదు?

దీనికి మామూలుగా రెండు జవాబులు వినిపిస్తాయి. పొలం ఎరువు వేస్తే చేపలు చచ్చిపోతాయి, దాని జోలికే పోవద్దనేది ఒకటి. చిటికెడు వేస్తే ఏమీ కాదులే అనేది రెండోది. రెండూ తప్పే. పొలం ఎరువుల్లో కొన్ని అక్వేరియానికి నిక్షేపంగా పనికొస్తాయి. ఖరీదైన విదేశీ సీసాల్లో చాలావాటిలో కరిగి ఉండేవీ ఆ లవణాలే. ఇంకొన్నిటికి మాత్రం చిటికెడు చాలు, తొట్టె ఖాళీ అవుతుంది. ఏది ఏ కోవలోకి వస్తుందో ధర చెప్పదు, కంపెనీ పేరు చెప్పదు, సీసా మీది చేప బొమ్మ అసలే చెప్పదు. అందులో నత్రజని ఏ రూపంలో ఉందన్నదే చెబుతుంది.

గొడవంతా నత్రజనితోనే

మొక్కకు ఎక్కువ మోతాదులో కావలసినవి నత్రజని, భాస్వరం, పొటాష్. వీటిలో భాస్వరం, పొటాష్ మామూలు మోతాదుల్లో చేపల్ని ఏమీ చేయవు. నత్రజని ఎరువుల్లో మూడు రూపాల్లో ఉంటుంది: యూరియా, అమ్మోనియం, నైట్రేట్. పొలంలో ఈ మూడింటి మధ్య తేడా చివరికి పెద్దగా మిగలదు. యూరియా నేలలో పడ్డాక సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియంగా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. ఈలోపు అమ్మోనియంను నల్లరేగడి మట్టి రేణువులు పట్టి ఉంచుతాయి. పైగా పొలంలో చేప లేదు. తొట్టె అడుగున ఉండేవి రెండంగుళాల మందాన పరిచిన గులకరాళ్లు. అవి దేన్నీ పట్టి ఉంచవు. వేసిందంతా నీళ్లలోనే తిరుగుతుంది, ఆ నీళ్లే చేప మొప్పల గుండా పోతుంటాయి.

చేప కూడా తన ఒంట్లోని నత్రజనిని ఎక్కువగా అమ్మోనియా రూపంలోనే, మొప్పల ద్వారా వదులుతుంది. ఫిల్టర్‌లో స్థిరపడిన బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఒంట్లోంచి అమ్మోనియా బయటికి పోవాలంటే బయటి నీళ్లలో అది తక్కువ ఉండాలి. బయటే ఎక్కువైతే లోపలిది లోపలే పేరుకుంటుంది. యూరియా, అమ్మోనియం ఎరువులతో వచ్చే ప్రమాదం ఇదే. నైట్రేట్ విషయంలో ఆ బాధ లేదు. లీటరుకు 20 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్నా గప్పీలు, మోలీలు, టెట్రాలు హాయిగా ఉంటాయి. అదే 20 మిల్లీగ్రాముల అమ్మోనియా అయితే వాటి ప్రాణాల మీదికి వస్తుంది.

ఇక్కడ నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 అంటే మధ్యస్థం), వేడి కూడా లెక్కలోకి వస్తాయి. నీళ్లలో అమ్మోనియా కొంత అమ్మోనియం అయాన్‌గా ఉంటుంది, కొంత విడి అమ్మోనియాగా ఉంటుంది. అయాన్ అంతగా హాని చేయదు. విడి అమ్మోనియా మొప్పల పొరను సులువుగా దాటి రక్తంలో కలుస్తుంది. పీహెచ్ 7, వేడి 25 డిగ్రీలు ఉంటే మొత్తంలో విడి అమ్మోనియా అర శాతం పైచిలుకు మాత్రమే. పీహెచ్ 8, వేడి 30 డిగ్రీలు అయితే అది 7 శాతం దాటుతుంది. అంటే అదే ఎరువు, అదే మోతాదు, విషం పదమూడు రెట్లు. గుంటూరు బోరు నీళ్లలో చాలావాటికి గట్టిదనం ఎక్కువ, పీహెచ్ 8 దగ్గర ఉండడం మామూలే. విజయవాడ మే నెల ఎండకు ఫ్యాను కింద పెట్టిన తొట్టెలో కూడా నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి. చల్లటి దేశాల వాళ్లు మెత్తటి నీళ్లలో చేసి చూసి ‘మాకేం కాలేదు’ అన్న ప్రయోగం ఇక్కడ అలాగే చేస్తే ఫలితం వేరుగా ఉండేది అందుకే.

యూరియాది ఇంకో రకం మోసం. యూరియాకు దానంతట దానికి విషగుణం చాలా తక్కువ. అది వేసిన గంటలో చేపలు మామూలుగానే ఈదుతుంటాయి. సూక్ష్మజీవుల్లో ఉండే యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని నెమ్మదిగా విడగొట్టి అమ్మోనియాగా మారుస్తుంది. ఒకటి రెండు రోజులకు చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పటికి ఎరువు వేసిన సంగతి ఎవరికీ గుర్తుండదు; నింద కొత్తగా కొన్న మేత మీదకో, వాతావరణం మీదకో పోతుంది. పైగా 2015 నుంచి మన దేశంలో తయారయ్యే యూరియా మొత్తానికి వేపనూనె పూత తప్పనిసరి చేశారు. ఆ నూనె కూడా తొట్టెలోకే.

చెరువుల్లో వేస్తారు కదా?

ఈ ప్రాంతంలో ఈ వాదన తప్పకుండా వస్తుంది. కైకలూరు వైపు చేపల చెరువుల్లో యూరియా, సూపర్ ఫాస్ఫేట్, పేడ వేయడం కొత్తేం కాదు, చేపలు పెరుగుతూనే ఉన్నాయి. నిజమే. కానీ అక్కడ ఎరువు వేసేది నీళ్లు పచ్చబడాలని. ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవాలు పెరిగితే అది చేపకు మేత. తొట్టెలో నీళ్లు పచ్చబడితే ఎవరికీ ఆనందం కాదు.

రెండోది లెక్క. ఒక ఎకరం చెరువు, మీటరున్నర లోతు అనుకుంటే అందులో సుమారు 60 లక్షల లీటర్ల నీళ్లు ఉంటాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న మామూలు తొట్టెలో రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోను 45 లీటర్లు. ఆ తొట్టెలో ఒక్క గ్రాము యూరియా వేయడమంటే ఎకరం చెరువులో ఒకేసారి మూడు బస్తాలు దింపడంతో సమానం. 45 కిలోల బస్తాలు మూడు. అలా వేసే రైతు ఎవరూ ఉండరు. ‘చిటికెడు’ అన్నప్పుడు చేతిలోకి వచ్చేది గ్రాముకు అటూ ఇటూ.

ఆ గ్రాము యూరియా అంతా విడిపోతే లీటరుకు 10 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని తయారవుతుంది. పైన చెప్పిన పీహెచ్ 8, 30 డిగ్రీల దగ్గర అందులో విడి అమ్మోనియా 0.75 మిల్లీగ్రాములు. ఎక్కువ కాలం 0.05 దాటి ఉంటేనే చేపల మొప్పలు దెబ్బతింటాయని భావిస్తారు. ఫిల్టర్ బ్యాక్టీరియా, మొక్కలు కలిసి కొంత లాగేసుకుంటాయి కాబట్టి ఈ గరిష్ఠం ప్రతిసారీ రాకపోవచ్చు. అందుకే కొందరు వేసి, ఏమీ కాలేదని చెబుతుంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల తొట్టెలో మొక్కలు దట్టంగా, చేపలు తక్కువగా ఉండి ఉంటాయి.

ఒక చిక్కు ముడి కూడా ఉంది. నీటి మొక్కల్లో చాలావాటికి నైట్రేట్ కంటే అమ్మోనియం అంటేనే ఎక్కువ ఇష్టం. దాన్ని వాడుకోవడానికి మొక్కకు తక్కువ శ్రమ. పేరున్న కొన్ని విదేశీ ద్రవ ఎరువుల్లో యూరియా గానీ అమ్మోనియం గానీ కొద్దిగా కలపడానికి కారణం అదే. అక్కడ నత్రజని మొత్తం ఒకటి రెండు శాతం మించదు, మోతాదు కొన్ని మిల్లీలీటర్లే. అనుభవం ఉండి, అమ్మోనియా టెస్ట్ కిట్ పక్కన పెట్టుకున్న వాళ్లు ఆ దారిన పోవచ్చు. ఇంట్లో పిల్లలు కూడా మూత తీసి పోసే అవకాశం ఉన్న తొట్టెకు నైట్రేటే మేలు.

బస్తా మీది అంకెలు చదవడం

ఎరువుల కొట్లో దొరికే సరుకుకు ఒక మంచి గుణం ఉంది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం లోపల ఏముందో, ఎంత శాతం ఉందో ప్యాకెట్ మీద వేయాలి. నీటిలో కరిగే ఎరువుల ప్యాకెట్ల మీద మొత్తం నత్రజనిలో నైట్రేట్ రూపం ఎంత, అమ్మోనియా రూపం ఎంత, యూరియా రూపం ఎంత అని విడివిడిగా కూడా ఉంటుంది. చూడాల్సింది ఆ చిన్న అక్షరాల పట్టికనే. అక్వేరియం కోసమని అమ్మే సీసాలో ఈ వివరం లేకపోతే, దాని కంటే ఈ ప్యాకెట్టే నమ్మదగింది.

ప్యాకెట్ మీది మూడు అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు; ఈ మూడింటినే ఎన్‌పీకే అంటారు. మిర్చి రైతులు కాయ దశలో డ్రిప్‌లో వదిలే 13-0-45 అక్వేరియం మొక్కలకు అచ్చంగా సరిపోతుంది. అది పొటాషియం నైట్రేట్. అందులోని 13 శాతం నత్రజనీ నైట్రేట్ రూపమే. దానితోపాటు పొటాష్ ఎలాగూ వస్తుంది. భాస్వరం కావాలంటే 0-52-34, అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్. ఇందులో నత్రజనే లేదు. చేపలు ఎక్కువై నైట్రేట్ ముందే నిండుగా ఉన్న తొట్టెలో పొటాష్ ఒక్కటే కావాలనుకుంటే 0-0-50, అంటే పొటాషియం సల్ఫేట్. ఎర్రటి గింజల పొటాష్ పనికిరాదని కాదు గానీ, క్లోరైడ్, ఉప్పు, ఎర్ర మట్టి అన్నీ కలిసి వస్తాయి. 0-0-50 దొరికే ఊళ్లో దానితో పని లేదు. మెగ్నీషియం కోసం మెగ్నీషియం సల్ఫేట్, మందుల షాపులో ఎప్సమ్ సాల్ట్ పేరుతో దొరికేది కూడా అదే.

ముట్టకూడనివి గుర్తుపట్టడం ఇంకా తేలిక. డీఏపీలో 18 శాతం నత్రజని ఉంటుంది, దాదాపు అంతా అమ్మోనియం. 28-28-0, 14-35-14, 20-20-0-13 (నాలుగో అంకె గంధకం) లాంటి కాంప్లెక్స్ ఎరువులన్నీ అమ్మోనియం, యూరియాల మీద తయారైనవే. అమ్మోనియం సల్ఫేట్ సంగతి పేరులోనే ఉంది. ఎక్కువ మంది బోల్తా పడేది ట్రిపుల్ 19 దగ్గర. 19-19-19 తెల్లగా, శుభ్రంగా, చిటికెలో కరిగిపోతుంది. ఎన్‌పీకే సమానంగా ఉంది కాబట్టి అన్నిటికీ మంచిదే అనిపిస్తుంది. పట్టిక చదివితే దాని నత్రజనిలో పెద్ద వాటా యూరియా అని, ఇంకొంత అమ్మోనియం అని తెలుస్తుంది. 12-61-0 కూడా అలాగే కరుగుతుంది, నత్రజని మొత్తం అమ్మోనియం. నానో యూరియా సీసాలో ఉన్నది ద్రవం కాబట్టి అక్వేరియం ద్రవ ఎరువులా అనిపించవచ్చు. ఆకు మీద పిచికారీకి చేసినది తొట్టెకు కాదు.

కాల్షియం నైట్రేట్ మాత్రం మధ్యస్థం. అందులో 15.5 శాతం నత్రజని ఉంటే, దాదాపు 14.4 శాతం నైట్రేట్, మిగిలిన ఒక శాతం పైచిలుకు అమ్మోనియం. ఆర్ఓ నీళ్లు వాడే తొట్టెలకు కాల్షియం కోసం కొద్దిగా వాడొచ్చు. బోరు నీళ్ల తొట్టెకు దానితో అవసరమే ఉండదు, ఆ నీళ్లలో కాల్షియం కావలసినంత ఉంటుంది. దీన్ని 0-52-34తోనూ, సల్ఫేట్లతోనూ ఒకే సీసాలో కలపకూడదు, తెల్లగా విరిగి అడుగున కూర్చుంటుంది. డ్రిప్ ఉన్న ఏ రైతును అడిగినా ఈ మాట చెబుతాడు, లేటరల్ పైపులు పూడుకుపోయిన అనుభవం వాళ్లకు ఉంటుంది.

మోతాదు: ప్యాకెట్ చెప్పేది వినకూడదు

ప్యాకెట్ మీద లీటరు నీటికి 5 గ్రాములు అని ఉంటుంది. అది ఆకు మీద పిచికారీకి. తొట్టెకు కావలసింది దానిలో దాదాపు 280వ వంతు. ఈ ఒక్క పొరపాటుతో నైట్రేట్ ఎరువుతో కూడా చేపల్ని చంపవచ్చు.

బస్తా అంకెల్లో ఒక పాత పద్ధతి దాగి ఉంది. 13-0-45లో 45 అనేది పొటాషియం కాదు, పొటాషియం ఆక్సైడ్ లెక్క. అసలు పొటాషియం 37 శాతం. నత్రజని 13 శాతాన్ని నైట్రేట్‌గా లెక్కేస్తే 57 శాతం పైన. అలాగే 0-52-34లో ఫాస్ఫేట్ దాదాపు 70 శాతం. మార్కెట్లో దొరికే టెస్ట్ కిట్లు ఎక్కువగా నైట్రేట్, ఫాస్ఫేట్ లెక్కలోనే చూపిస్తాయి కాబట్టి ఈ మార్పిడి తెలియడం మంచిది.

మామూలు వెలుతురు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లేని తొట్టెలో నైట్రేట్ లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు, ఫాస్ఫేట్ ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ, పొటాషియం 10 నుంచి 20 ఉంటే చాలు. 45 లీటర్ల తొట్టెలో నైట్రేట్‌ను 8 గ్రాములో, 10 గ్రాములో వేసి పెంచేదేమీ లేదు. లీటరుకు 10 మిల్లీగ్రాములు పెంచడానికి 13-0-45 కేవలం 0.8 గ్రాము సరిపోతుంది. వంటింటి కాటా ఇంత చిన్న బరువును నమ్మకంగా చూపించదు. అందుకే 40 గ్రాములు తూచి, ఆర్ఓ నీళ్లలో కరిగించి, మొత్తం 500 మిల్లీలీటర్లు అయ్యేలా చేస్తారు. ఆ ద్రావణం 10 మిల్లీలీటర్లలో సరిగ్గా 0.8 గ్రాము ఉంటుంది. దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూత చాలు. వారానికి ఒకసారి మొత్తం పోయడం కంటే మూడు నాలుగు సార్లుగా పంచి పోయడం మంచిది, వారాంతంలో మూడో వంతు నీళ్లు మార్చడం తప్పదు.

ఈ లెక్కన కిలో ప్యాకెట్ 1,250 వారాలు వస్తుంది, అంటే ఇరవై ఏళ్ల పైన. నలుగురు పంచుకోవచ్చు, లేదా మిగిలింది టెర్రస్ మీది టమాటాకు వేసుకోవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పొటాషియం నైట్రేట్ మంటను ఎగదోసే రసాయనం. స్టవ్ దగ్గర, వంటింటి అరల్లో పెట్టేది కాదు. చూడడానికి ఉప్పులా ఉంటుంది, కాబట్టి డబ్బా మీద పెద్ద అక్షరాలతో పేరు రాయాలి. ద్రావణాన్ని తాగునీళ్ల సీసాలో అస్సలు పోయకూడదు.

ఇనుము, బోరు నీళ్లు

కొత్తగా వచ్చే ఆకులు తెల్లబారి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. ఎరువుల కొట్లో అడిగితే వెంటనే ఇచ్చేది 12 శాతం ఐరన్ ఈడీటీఏ. పొలంలో ఆకు మీద కొట్టడానికి అది సరిపోతుంది. తొట్టెలో దానికో ఇబ్బంది ఉంది. ఈడీటీఏ అంటే ఇనుమును నీళ్లలో కరిగి ఉండేలా పట్టి ఉంచే రసాయనం; ఆ పట్టు గట్టిగా ఉండేది పీహెచ్ ఆరున్నర దాకానే. గుంటూరు బోరు నీళ్లలో అది కొద్ది సేపట్లో ఇనుమును వదిలేస్తుంది. వదిలిన ఇనుము తుప్పుగా మారి అడుగున చేరుతుంది, మొక్కకు అందదు. ఎరువు వేస్తున్నా ఆకులు తెల్లగానే ఉంటున్నాయని మోతాదు పెంచేస్తుంటారు, అది పరిష్కారం కాదు. అలాంటిదే మరో రసాయనం డీటీపీఏతో ఉన్న ఇనుము పీహెచ్ ఏడున్నర దాకా నిలుస్తుంది. ఈడీడీహెచ్ఏతో ఉన్నది 9 దాకా కూడా నిలుస్తుంది గానీ నీళ్లు టీ డికాషన్ కంటే ఎర్రగా మారతాయి. వేళ్ల దగ్గర రాళ్లలో కొద్దిగా గుచ్చడానికే అది పనికొస్తుంది. కృష్ణా నీళ్లు కుళాయిలో వచ్చే ఇళ్లలో కూడా డీటీపీఏ రకమే వాడదగింది. లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఇనుము చాలు. దీన్ని ఫాస్ఫేట్ సీసాలో కలపకూడదు, వేసే రోజులు కూడా వేరుగా ఉంటే మంచిది.

మిగతా సూక్ష్మపోషకాలు, అంటే మాంగనీస్, జింక్, బోరాన్, రాగి, మాలిబ్డినం చాలా తక్కువ కావాలి. ఇక్కడ రాగి గురించి కాస్త ఆగాలి. మిర్చికి కొట్టే సూక్ష్మపోషకాల మిశ్రమాల్లో రాగి ఉంటుంది. మొక్కకు అదీ అవసరమే. కానీ చెర్రీ రొయ్యలు, నత్తలు రాగిని చేపల కంటే చాలా తక్కువ మోతాదులో కూడా తట్టుకోలేవు. చేపలకు వచ్చే తెల్లమచ్చల వ్యాధికి రాగి మందు వాడిన తొట్టెలో రొయ్యలు బతకకపోవడం అందరికీ తెలిసిందే, కారణం ఒకటే. చేపలు మాత్రమే ఉన్న తొట్టెకు వ్యవసాయ మిశ్రమం అతి తక్కువగా వాడితే గండం గడుస్తుంది. రొయ్యలున్న తొట్టెకు అక్వేరియం కోసమే చేసిన, రాగి శాతం స్పష్టంగా రాసిన సీసా కొనడమే తెలివైన పని. డబ్బు పెట్టాల్సింది ఏదైనా ఉంటే ఈ సూక్ష్మపోషకాల సీసా మీదే, ఎన్‌పీకే మీద కాదు.

సేంద్రియమైతే ఫర్వాలేదనుకోవడం

రసాయనం వద్దు, వర్మీ కంపోస్టో, జీవామృతమో వేద్దామనేది మంచి మనసుతో చేసే పొరపాటు. జీవామృతంలో పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి ఉంటాయి. ఇవన్నీ నీళ్లలో కుళ్లేటప్పుడు బ్యాక్టీరియా ఆక్సిజన్ మొత్తం లాగేస్తుంది, చివరికి తయారయ్యేది మళ్లీ అమ్మోనియానే. 30 డిగ్రీల నీళ్లలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. రాత్రిపూట మొక్కలు కూడా దాన్నే వాడుకుంటాయి. కట్టె బూడిద పొటాష్ ఇస్తుంది గానీ పీహెచ్ పెంచి, ఉన్న అమ్మోనియాను ఇంకా విషం చేస్తుంది. పిండి ఎరువుల్లో ఇప్ప పిండిని చెరువుల్లో పనికిరాని చేపల్ని చంపడానికే వాడతారు. అది తెలియక తెచ్చి వేసిన వాళ్లకు అంతకు మించి చెప్పేదేముంది.

వేళ్ల దగ్గర పెట్టే ఎరువు బిళ్లలది వేరే కథ. అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకోరిన్ లాంటివి వేళ్లతో ఎక్కువగా తింటాయి కాబట్టి వాటికి బిళ్లలు పనిచేస్తాయి. బంకమట్టిలో డీఏపీ గింజలు పెట్టి ఉండలు చేయడం మాత్రం ప్రమాదం. ఉండ విరిగిందా, మొక్క పీకేటప్పుడు పైకి వచ్చిందా, అమ్మోనియా మొత్తం ఒక్కసారిగా నీళ్లలోకి వస్తుంది. మట్టి ఉండలో 0-52-34, కొద్దిగా 13-0-45 పెడితే అవి త్వరగా కరిగిపోతాయి గానీ ఎవరి ప్రాణం తీయవు.

‘లిక్విడ్ కార్బన్’ పేరుతో అమ్మేది ఎక్కువ శాతం గ్లూటరాల్డిహైడ్ రకం రసాయనం. దాన్ని ఎరువు అనడం కంటే నాచును తగ్గించే మందు అనడం న్యాయం. వాలిస్నేరియా దానికి కరిగిపోతుంది. రొయ్యల చెరువుల కోసం ఆక్వా షాపుల్లో శానిటైజర్‌గా అమ్మేది కూడా గ్లూటరాల్డిహైడే, కానీ చాలా ఘాటుగా ఉంటుంది. చవగ్గా వస్తుందని దాన్ని తెచ్చి తొట్టెలో పోయడం, చేత్తో కలపడం రెండూ చేయకూడనివే. చర్మానికీ, ఊపిరితిత్తులకూ మంచిది కాదు.

అసలు అవసరం ఉందా?

చాలా తొట్టెలకు నత్రజని ఎరువు అక్కర్లేదు. రోజుకు రెండుసార్లు మేత తినే పది పదిహేను చేపలున్న చోట నైట్రేట్, ఫాస్ఫేట్ ఎలాగూ తయారవుతుంటాయి. అక్కడ తక్కువ పడేది పొటాష్, ఇనుము. పాత ఆకుల్లో సూది గుచ్చినట్టు చిల్లులు పడితే పొటాష్ కావాలి. పాత ఆకులు మొత్తంగా పసుపుబారితేనే నత్రజని లోపం. కొత్త చిగుళ్లు వంకర తిరిగి ముడుచుకుంటే కాల్షియం. ఇది ఎక్కువగా 20 లీటర్ల ఆర్ఓ క్యాన్‌లతోనే తొట్టె నింపేవాళ్లకు వస్తుంది. వాళ్లు ఎరువు కొనే ముందు మూడో వంతు కుళాయి నీళ్లు కలిపి చూస్తే చాలాసార్లు సరిపోతుంది. క్లోరిన్ పోయేలా ఒక రోజు నిల్వ ఉంచిన నీళ్లు కలపాలి.

కొని తెచ్చిన మొదటి వారాల్లో క్రిప్టోకోరిన్ ఆకులు కరిగిపోవడం లోపం కాదు. నర్సరీలో గాలిలో పెరిగిన ఆకు నీళ్లకు అలవాటు పడలేక పోతుంది, వేరు నుంచి కొత్తది వస్తుంది. అప్పుడు ఎరువు పోస్తే నాచు పెరుగుతుంది, మొక్క కాదు. అనూబియస్, జావా ఫెర్న్ నెలకు ఒకటో రెండో ఆకులు వేసే మొక్కలు. వాటి కోసం ఇంత లెక్క వేయడం అనవసరం.

బోరు నీళ్లలో నైట్రేట్ ముందే ఉందేమో కూడా చూడాలి. ఎరువులు జోరుగా వాడే ఊళ్ల భూగర్భజలంలో అది ఉండడం అరుదేమీ కాదు. తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. తొట్టెకు కావలసిన 20 కంటే అది ఎక్కువ. బోరు నీళ్లలోనే 30 ఉన్న ఇంట్లో 13-0-45 కొనడం దండగ. అక్వేరియం షాపుల్లో దొరికే చుక్కల టెస్ట్ కిట్‌తో కుళాయి నీళ్లను ఒకసారి, తొట్టె నీళ్లను ఒకసారి చూస్తే తేలిపోతుంది.

పొరపాటున ట్రిపుల్ 19 లాంటిది పడిపోతే ముందు మేత ఆపాలి, గాలి పంపు వేగం పెంచాలి, సగం నీళ్లు మార్చాలి. మార్చే నీళ్ల పీహెచ్ తొట్టె నీళ్ల కంటే ఎక్కువ ఉండకూడదు. తొట్టెలో పీహెచ్ 7 ఉండి, 8 ఉన్న బోరు నీళ్లు దబదబా పోస్తే అమ్మోనియం కాస్తా అమ్మోనియాగా మారి, అప్పటిదాకా బతికున్న చేపలు కూడా పోతాయి. అలాంటప్పుడు ఆర్ఓ నీళ్లు సగం కలిపి పోయడం మంచిది. ఆక్వా షాపుల్లో చెరువుల కోసం అమ్మే జియోలైట్‌ను గుడ్డ సంచిలో కట్టి ఫిల్టర్‌లో పెడితే కొంత అమ్మోనియంను పట్టుకుంటుంది. యూరియా విడిపోవడానికి సమయం పడుతుంది కాబట్టి ఒకసారి నీళ్లు మార్చి ఊరుకోకుండా, మూడు నాలుగు రోజుల పాటు రోజూ అమ్మోనియా టెస్ట్ చేసి, కనిపించినప్పుడల్లా మళ్లీ నీళ్లు మార్చాలి.